నవ్విస్తూనే దొంగను పట్టించే పాత కామిక్స్: మీకు గుర్తున్నవి చెప్పండి

చివరిపేజీ (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు, ఇవాళ మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను. పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే టిన్‌టిన్ అనే కుర్ర విలేకరి కామిక్స్‌లో ఒకటైన 'ది కాస్టాఫియోర్ ఎమరాల్డ్' దొరికింది. మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్న పుస్తకమే. కాకపోతే మా కాపీకి వెనక అట్ట లేదు, అట్టతో పాటు చివరి కాగితాలు కూడా పోయాయి. నాన్న అలాగే కొనుక్కొచ్చారు. నేనూ అక్కా దాన్ని ఎన్నిసార్లు చదివామో చెప్పలేను. ఇంగ్లీషు సరిగ్గా రాని రోజుల్లో బొమ్మలు చూసి కథ మేమే అల్లుకున్నాం, భాష వచ్చాక మళ్ళీ మొదటినుంచీ చదువుకున్నాం.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. టిన్‌టిన్ స్నేహితుడు కెప్టెన్ హాడక్ కాలు బెణికి తన బంగళాలో చక్రాల కుర్చీకి అతుక్కుపోయి ఉంటాడు. సరిగ్గా అప్పుడే, ఆయనకు అస్సలు పడని ఒపెరా గాయని కాస్టాఫియోర్ పెట్టెలన్నీ వేసుకుని దిగిపోతుంది. ఆమెతో పాటు పనిమనిషి ఇర్మా, పియానో వాయించే వాగ్నర్. కొన్నాళ్ళకు ఆమె పచ్చరాయి మాయమవుతుంది. బంగళాకు దగ్గర్లోనే జిప్సీలు అనే సంచార జాతి వాళ్ళు దిగి ఉంటారు, చెత్తకుప్ప పక్కన ఉన్న వాళ్ళను చూడలేక అక్కడ చోటిచ్చింది హాడక్కే. ఇక థామ్సన్, థాంప్సన్ డిటెక్టివ్‌లు వచ్చి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని అనుమానిస్తారు, ప్రతిసారీ తప్పే. మా కాపీ ఎక్కడ ఆగిపోయిందంటే, ఇర్మా బంగారు కత్తెర జిప్సీల పాప మియార్కా దగ్గర దొరికిన చోట.

అంతే, ఆ తర్వాత కాగితం లేదు. మాకు ఇంకేం కావాలి, దొంగ దొరికేసింది! ఇన్నేళ్ళూ మాకు అదే ముగింపు. తర్వాత కావాలనే ఎక్కడా వెతకలేదు. అక్క సంక్రాంతికి వస్తుంది, ఇద్దరం కలిసి ఆ చివరి పేజీలు చదవాలని పుస్తకానికి రబ్బరు బ్యాండు వేసి పెట్టాను. కాబట్టి దయచేసి దొంగ ఎవరో మాత్రం ఇక్కడ రాయొద్దు.

నేను అడగాలనుకున్నది ఇది. ఇలా నవ్వూ నేరపరిశోధనా కలిసిపోయిన పాత కామిక్స్ మీకేం గుర్తున్నాయి? మధ్యలో ఒక జోకరు వచ్చి వెళ్ళిపోయే కథలు కాదు. నవ్వు తీసేస్తే కథే నిలబడదు అనిపించేవి కావాలి.

---

పాతపేపర్ల_వీధి (ఆదివారం రాత్రి)

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నాను! నా ఓటు కళ్ళు మూసుకుని ప్లాస్టిక్ మ్యాన్‌కి. 1941 ఆగస్టు తేదీతో వచ్చిన 'పోలీస్ కామిక్స్' మొదటి సంచికలో పుట్టాడు, గీసిందీ రాసిందీ జాక్ కోల్. హీరో అసలు దొంగ. పేరు ఈల్ ఓబ్రయన్, ఇనప్పెట్టెలు పగలగొట్టేవాడు. ఒక కెమికల్ ఫ్యాక్టరీలో దొంగతనానికి వెళ్ళి యాసిడ్ మీద పడుతుంది, ముఠావాళ్ళు వదిలేసి పారిపోతారు, ఎవరో సన్యాసులు చేరదీస్తారు. లేచేసరికి ఒళ్ళు రబ్బరులా సాగుతుంది, మనసూ మారుతుంది. ఇక అక్కణ్ణుంచి ఒకే మనిషి రెండు జీవితాలు. దొంగల మధ్య ఈల్‌గా తిరిగి కబుర్లు సేకరిస్తాడు, ప్లాస్టిక్ మ్యాన్‌గా వచ్చి వాళ్ళనే పట్టుకుంటాడు.

ఇప్పుడు దగ్గర్నుంచి చూడండి. వాడి డ్రెస్సు ఎరుపు, నడుం దగ్గర నలుపూ పసుపూ చారల పట్టీ. ముఠా వాళ్ళు గదిలో కూర్చుని ప్లాను వేసుకుంటుంటే, ఆ గదిలో ఒక ఎర్రటి కుర్చీ ఉంటుంది, లేదా తివాచీ, లేదా దీపం. దాని మీద పసుపు నలుపు చార. పాఠకుడికి కనిపిస్తుంది, దొంగకి కనిపించదు. ప్రతి గళ్ళో (మేం చిన్నప్పుడు ప్యానెల్‌ని గడి అనేవాళ్ళం) వాడెక్కడున్నాడో మనమే వెతుక్కోవాలి. అంటే కోల్ మనల్నే డిటెక్టివ్‌ని చేశాడు, అదీ నవ్విస్తూ. ఆ చార దొరికినప్పుడు వచ్చే నవ్వే ఆధారం దొరికిన ఆనందం, రెండిటినీ విడదీయలేం. మీరడిగింది ఇదే కదా?

1942 నవంబరు సంచికలో వూజీ వింక్స్ వచ్చాడు, పదమూడోది అది. గుండ్రటి బొజ్జ, చుక్కల చొక్కా. ఒక మాంత్రికుడి ప్రాణం కాపాడితే ప్రకృతే నిన్ను కాపాడుతుందని వరం ఇస్తాడు. ఆ వరంతో వీడు చేసిన మొదటి పని దొంగతనాలు మొదలుపెట్టడం! పట్టుకోబోయిన పోలీసుల మీద పిడుగులు, వడగళ్ళు. వాణ్ణి పట్టుకోలేక ప్లాస్టిక్ మ్యాన్ మాటలతో దారికి తెచ్చుకుని పక్కన పెట్టుకుంటాడు. మాజీ దొంగకి ఇంకో దొంగ అసిస్టెంటు. 1940ల అమెరికా పిల్లల పుస్తకంలో ఇంత ధైర్యం ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కోల్ 1958లో చిన్న వయసులోనే తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ సంగతి తెలిశాక ఆ పేజీలు తిరగేస్తే గుండె బరువెక్కుతుంది. అంత నవ్వు పంచిన చెయ్యి.

---

రంగుపెన్సిల్ (సోమవారం పొద్దున)

చివరిపేజీ గారూ, నాకు కాస్టాఫియోర్ అంటే ప్రాణం, బొమ్మలు వేసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ పుస్తకం పాఠంలా చదివాను. దొంగ పేరు ఎత్తను, ప్రమాణం. కానీ టిన్‌టిన్‌ని రాసి గీసిన హెర్జే పని ఎలా చేశాడో చెప్పొచ్చు కదా.

ఆ ఇంట్లో మెట్ల మీద ఒక పాలరాతి మెట్టు విరిగి ఉంటుంది, గుర్తుందా? మేస్త్రీకి ఫోన్ మీద ఫోన్. అదిగో వస్తున్నా అంటాడు, రాడు. అదే ఇంట్లో ఫోన్ మోగితే ఎవరో కట్స్ అనే మాంసం కొట్టు అనుకుని ఆర్డరు చెప్తుంటారు. ప్రొఫెసర్ కాలిక్యులస్‌కి చెవులు సరిగ్గా వినపడవు, పేపరు వాళ్ళు వచ్చి ఒకటి అడిగితే ఆయన ఇంకోటి చెప్తాడు, తెల్లారేసరికి హాడక్‌కీ గాయనికీ పెళ్ళి అని పత్రికలో పడుతుంది. కాస్టాఫియోర్ ఒక్కసారి కూడా హాడక్ పేరు సరిగ్గా పలకదు. అన్నీ తప్పు నంబర్లే, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి అందదు. పుస్తకం మొత్తం ఇదే జోకు, రకరకాల వేషాల్లో.

ఇలా నవ్వుతూ నవ్వుతూ మన కన్ను ఎటు అలవాటు పడుతుందంటే, గోల ఎక్కడ ఉంటే అటే చూస్తుంది. కింద పడేవాడిని చూస్తుంది, అరిచేవాడిని చూస్తుంది. గోల లేని చోట అసలు ఆధారం కూర్చుని ఉంటుంది. గంభీరమైన డిటెక్టివ్ కథలో రచయిత ఆధారాన్ని వంద వివరాల మధ్య దాస్తాడు, ఇక్కడ నవ్వు వెనకాల దాచాడు. వాగ్నర్ సంగతి మీ కాపీలో ఉండే ఉంటుంది: గదిలోంచి పియానో సాధన వినపడుతూనే ఉంటుంది, తీరా చూస్తే అది టేపు రికార్డరు, మనిషి గుర్రాల మీద పందేలు కాయడానికి పోయాడు. మనం వాణ్ణి పట్టుకున్నామని సంబరపడే లోపు అసలు విషయం పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఒకే ఒక్క మాట చెప్పి ఆపుతాను. చివరి పేజీ అయ్యాక మొదటి పేజీ మొదటి బొమ్మ మళ్ళీ చూడండి. ముందు చూడొద్దు!

---

చివరిపేజీ (సోమవారం మధ్యాహ్నం)

రంగుపెన్సిల్ గారూ, మొదటి బొమ్మ నాకు కంఠతా వచ్చు అనుకున్నాను, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అడవీ చెట్లూ తప్ప ఇంకేం గుర్తు రావట్లేదు. రబ్బరు బ్యాండు తీయకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నాను :)

---

న్యూజెర్సీ_గోంగూర (సోమవారం)

నేను ఇక్కడికి వచ్చాక పాత పేపర్ స్ట్రిప్‌ల (పేపర్లో రోజూ కొన్ని గళ్ళుగా వచ్చే కామిక్స్) సంపుటాలు కొనడం మొదలుపెట్టాను, ఒక రాత్రి పోలీసు డిటెక్టివ్ డిక్ ట్రేసీ కథలు చదివి నిద్ర పట్టక, మర్నాడు ఫియర్‌లెస్ ఫాస్డిక్ చదివి నవ్వాపుకోలేక... రెండూ పక్కపక్కనే చదవాలి, అప్పుడే అర్థమవుతుంది.

డిక్ ట్రేసీ 1931 అక్టోబరు 4న మొదలైంది. చెస్టర్ గూల్డ్ దాన్ని 1977 డిసెంబరులో రిటైరయ్యేదాకా గీశాడు, నలభై ఆరేళ్ళు! చేతి గడియారంలో రేడియో 1946లో పెట్టాడు, మన వాచీలు ఫోన్లు ఎత్తుతున్నది ఇప్పుడు. విలన్లయితే ముఖాన్నిబట్టే పేరు: ముఖమంతా ముడతలు పడిన ప్రూన్‌ఫేస్, తల పైన బల్లపరుపుగా ఉండే ఫ్లాట్‌టాప్. గూల్డ్ నవ్వించాలని వేసినవి కావు అవి, భయపెట్టాలని వేశాడు.

ఆల్ క్యాప్ అనే ఇంకో కార్టూనిస్టు ఇదంతా చూసి, దాన్ని వెక్కిరించడానికి 1942లో తన 'లిల్ ఆబ్నర్' స్ట్రిప్‌లో ఫాస్డిక్‌ని పుట్టించాడు. అంటే ఆ పల్లెటూరి కుర్రాడు ఆబ్నర్ ఇష్టంగా చదివే కామిక్‌లో హీరో ఈ ఫాస్డిక్. కామిక్ లోపల కామిక్. ట్రేసీకి ఉన్న అదే చెక్కిన దవడ. ఒళ్ళంతా తూటాల చిల్లులు, అవతలి గోడ కనిపిస్తుంటుంది, అయినా చిన్న గీతే పడింది అంటాడు. జీతం అంతంతమాత్రం, ప్రుడెన్స్ అనే పిల్లతో నిశ్చితార్థమయి ఏళ్ళు గడుస్తున్నా పెళ్ళి ఊసు లేదు. ఒక కథలో విషం కలిసిన చిక్కుడు గింజల డబ్బా ఊళ్ళోకి వచ్చిందని తెలుస్తుంది. జనం విషం తిని చావకూడదని, డబ్బా తెరిచి తినబోయే వాళ్ళని తనే కాల్చేస్తూ పోతాడు! చట్టాన్ని కాపాడేవాడి మొండితనం మీద ఇంతకన్నా ఘాటైన మాట నేను చదవలేదు.

ఆబ్నర్ ఏమో ఫాస్డిక్ ఏం చేస్తే తనూ అది చేస్తానని ఒట్టు పెట్టుకుంటాడు. 1952లో ఫాస్డిక్ పెళ్ళి చేసుకున్నాడు. ఏళ్ళ తరబడి తప్పించుకు తిరిగిన ఆబ్నర్ కూడా తన వెంటపడుతున్న డెయిజీ మే అనే అమ్మాయిని చేసుకోవాల్సి వచ్చింది. తీరా చూస్తే ఫాస్డిక్ పెళ్ళి ఒట్టి కల. ఆబ్నర్‌ది మాత్రం నిజం. ఆ పెళ్ళి లైఫ్ పత్రిక అట్ట మీదకి ఎక్కింది.

---

కొత్తరీడర్ (సోమవారం సాయంత్రం)

చాలా మంచి చర్చ అండీ. నాకు ఇవన్నీ కొత్త. నేను చాచా చౌదరి చదివి పెరిగాను, అది ఈ లెక్కలోకి వస్తుందా? ఎర్ర తలపాగా, కర్ర, మెదడు కంప్యూటర్ కన్నా వేగం. బృహస్పతి గ్రహం నుంచి వచ్చిన సాబూకి కోపమొస్తే ఎక్కడో అగ్నిపర్వతం పేలుతుంది. దొంగల్ని పట్టుకుంటారు కదా, నవ్వు కూడా ఉంటుంది.

---

పాతపేపర్ల_వీధి (సోమవారం సాయంత్రం)

ఎందుకు రాదమ్మా, తప్పకుండా వస్తుంది. కార్టూనిస్టు ప్రాణ్ గారు దాన్ని 1971లో హిందీ 'లోట్‌పోట్' పత్రికలో మొదలుపెట్టారు. ఆయన గొప్పతనం ఏంటంటే, డిటెక్టివ్ అనగానే కోటూ టోపీ వేసుకున్న తెల్లదొర కాకుండా, మన వీధి చివర అరుగు మీద కూర్చునే పెద్దమనిషిని పెట్టారు. కాకపోతే అక్కడ ఆధారాలు వెతికే పని తక్కువ, దొంగ ఎవరో మనకి మొదటి పేజీలోనే తెలుసు, ఎలా బోల్తా కొడతాడన్నదే కథ. మన తెనాలి రామలింగడి వరస అది. చివరిపేజీ గారు అడిగింది పక్కా పరిశోధన ఉన్నవి అనుకుంటా, అయినా చాచాని బయట నిలబెట్టడం నాకిష్టం లేదు.

మన దగ్గర డిటెక్టివ్ కామిక్స్ అంటే ముందు గుర్తొచ్చేది ఇంద్రజాల్. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు మొదలుపెట్టారు, మొదట్లో అంతా ముసుగు వీరుడు ఫాంటమే, తర్వాత ఇంద్రజాలికుడు మాండ్రేక్, రిప్ కిర్బీ, ఇంకా చాలామంది. రిప్ కిర్బీ అలెక్స్ రేమండ్ 1946లో సృష్టించిన డిటెక్టివ్. కళ్ళజోడు, పైపు, చదరంగం, పియానో. దెబ్బలాట కన్నా ఆలోచన ఎక్కువ. నవ్వు తెచ్చేది నౌకరు డెస్మండ్, వాడూ మాజీ దొంగే! తాళం తీయాల్సి వచ్చినప్పుడల్లా యజమాని మర్యాదగా వాడి వైపు చూడటం, వాడు అంతకన్నా మర్యాదగా జేబులోంచి పనిముట్లు తీయడం. రేమండ్ 1956లో కారు ప్రమాదంలో పోతే జాన్ ప్రెంటిస్ ఎత్తుకుని 1999 దాకా నడిపాడు.

గమనించారా, ఈల్ ఓబ్రయన్, వూజీ, డెస్మండ్. అందరూ మాజీ దొంగలే. బెల్జియంలో మోరిస్ టియ్యూ 1956లో మొదలెట్టిన జిల్ జుర్దాఁ అనే డిటెక్టివ్ కామిక్‌లో, సహాయకుడు లిబెల్యూల్ కూడా ఇనప్పెట్టెలు తెరిచే దొంగే, పైగా ఎవరూ నవ్వని జోకులన్నిటికీ తనొక్కడే పగలబడి నవ్వుతాడు. దొంగ బుర్ర తెలిసినవాడు పక్కన ఉంటే డిటెక్టివ్‌కి పని తేలిక, రచయితకి నవ్వు తేలిక.

---

రంగుపెన్సిల్ (సోమవారం రాత్రి)

ఇంత మాట్లాడుకుని విల్ ఐస్నర్ గీసిన ముసుగు డిటెక్టివ్ 'స్పిరిట్' పేరు ఎవరూ ఎత్తలేదేంటి! 1940 జూన్ 2 నుంచి 1952 అక్టోబరు దాకా, ఆదివారం పేపర్లతో పాటు వచ్చే పదహారు పేజీల పుస్తకంలో ఏడు పేజీలు స్పిరిట్‌వి. ఏడంటే ఏడే పేజీలు. ఆ ఏడింట్లో హత్యా, ఆధారం, ప్రేమా, తన్నులాటా, చివర్లో పోలీసు కమిషనర్ డోలన్ విసుక్కోవడం, అన్నీ పట్టాలి. స్పిరిట్ దెబ్బలు తినడం చూడండి, చొక్కా చిరిగి మురిక్కాలవలో పడి ఉంటాడు, మళ్ళీ టోపీ సర్దుకుని లేస్తాడు. మొదటి పేజీలో పేరు అక్షరాలు ఒకసారి మేడలుగా నిలబడతాయి, ఒకసారి చిత్తుకాగితాలై గాలికి కొట్టుకుపోతుంటాయి. బొమ్మలేసేవాళ్ళకి అది గుడి.

1948 సెప్టెంబరు 5న వచ్చిన గెర్హార్డ్ ష్నోబుల్ కథ చదవనివాళ్ళు వెంటనే వెతికి చదవండి. ష్నోబుల్ ఒక మామూలు మనిషి, చిన్నప్పటి నుంచీ అతనికి ఎగరడం వచ్చు, ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఉద్యోగం పోయిన రోజున లోకానికి చూపిద్దామని ఎత్తైన భవనం ఎక్కి గాల్లోకి అడుగేస్తాడు. సరిగ్గా అప్పుడే పైన స్పిరిట్ దొంగలతో కొట్లాడుతున్నాడు, గురితప్పిన తూటా వచ్చి ఇతనికి తగులుతుంది. ఎగిరాడని ఎవరూ చూడలేదు. దొంగలు దొరికారు, కేసు ముగిసింది, అసలు అద్భుతం ఎవరికీ తెలియకుండానే పోయింది. మొదటి పేజీల్లో నవ్వుతూ ఉంటాం, చివరి గడి దగ్గర గొంతు పట్టేస్తుంది.

---

న్యూజెర్సీ_గోంగూర (మంగళవారం)

స్పిరిట్ గురించి మీరన్నదంతా ఒప్పుకుంటాను, కానీ ఒక్కటి చెప్పకుండా వదిలేయలేను. ఎబొనీ వైట్. స్పిరిట్ సహాయకుడు, నల్లజాతి కుర్రవాడు. పెద్ద పెదాలు, గుండ్రటి కళ్ళు, వెక్కిరింపుగా రాసిన యాస. నా కొడుక్కి ఆ పుస్తకం చూపించబోయి ఆగిపోయాను, వాడి స్నేహితుల్లో నల్లజాతి పిల్లలున్నారు. తెలివైనవాడే, ధైర్యవంతుడే, కొన్నిసార్లు కేసు అతనే తేలుస్తాడు. కానీ ఆ ముఖం గీసిన తీరు అవమానం. 'అప్పట్లో అందరూ అలాగే గీసేవాళ్ళు' అనే మాట నాకు సరిపోవట్లేదు.

---

రంగుపెన్సిల్ (మంగళవారం)

మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అంత చెయ్యి తిరిగిన ఐస్నర్ ముఖాలన్నిటికీ ప్రాణం పోసి, ఈ ఒక్క ముఖానికి మాత్రం అరువు తెచ్చిన ముసుగు తగిలించాడు. నేను విద్యార్థులకు చూపించేటప్పుడు ఆ పేజీలు దాచను, ముందే చెప్పి చూపిస్తాను.

---

సముద్రపు_గాలి (మంగళవారం రాత్రి)

నేను రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పై రెండు పోస్టులు చదివాక రాస్తున్నాను.

చివరిపేజీ గారూ, దొంగ ఎవరో నేను చెప్పను. కానీ మీరూ మీ అక్కా ఆ జిప్సీ పాప దగ్గర కథ ఆపేశారన్నది చదివి నాకు ఏదోలా అయింది. మాది బాపట్ల వైపు. స్టూవర్టుపురం మాకు దగ్గర. ఆ ఊరి పేరు చెప్తే ఎదుటివాళ్ళ ముఖంలో ఏం మారుతుందో మీకు తెలిసే ఉంటుంది, సినిమాల పుణ్యమా అని. ఇంగ్లీషువాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, ఎరుకల వాళ్ళతో సహా ఎన్నో సంచార కులాలను పుట్టుకతోనే దొంగలని రాసేశారు. పోలీసు స్టేషన్లో హాజరు వేసుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. స్టూవర్టుపురం అలాంటి సెటిల్‌మెంటుగా మొదలైన ఊరే. ఆ ముద్ర చట్టం నుంచి పోయింది 1952లో. జనం నోట్లోంచి ఇంకా పోలేదు. నాతో బడిలో చదివిన ఎరుకల పిల్లవాడి సంచీ, క్లాసులో పెన్ను పోయిన ప్రతిసారీ ముందు వెతికేవాళ్ళు. వాడు సంచీ తనే తెరిచి బల్ల మీద కుమ్మరించేవాడు, ఎవరూ అడగకముందే. అది చూసి మేము నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

థామ్సన్, థాంప్సన్ చేసేది సరిగ్గా అదే. వాళ్ళని చూసి నవ్వుతాం, ఎందుకంటే ప్రతిసారీ తప్పు మనిషిని పట్టుకుంటారు. కానీ జిప్సీల దగ్గరకు వచ్చేసరికి, చాలామంది పాఠకులు నవ్వడం ఆపి తల ఊపుతారు. హెర్జే అక్కడే మనల్ని పట్టుకున్నాడని నా నమ్మకం. ఆ పుస్తకం నాకు అందుకే ఇష్టం.

---

చివరిపేజీ (మంగళవారం, అర్ధరాత్రి దాటాక)

సముద్రపు_గాలి గారూ, మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. మేము పిల్లలం, పేజీలు లేవు అని నాకు నేను చెప్పుకోబోయాను. కానీ పేజీలు లేనప్పుడు వాగ్నర్‌ని అనుకోలేదు, ఇర్మాని అనుకోలేదు, ఆ పాపనే ఎందుకు అనుకున్నామో ఇప్పుడు తెలుస్తోంది. మా ఊరి చెరువుగట్టు మీద సంచారజాతుల వాళ్ళు డేరాలు వేసుకున్నప్పుడు, పిల్లలు జాగ్రత్త, గిన్నెలు లోపల పెట్టండి అని అమ్మమ్మ అనేది. రాసినందుకు మీకు నమస్కారం.

---

పాతపేపర్ల_వీధి (బుధవారం)

గాలి గారి పోస్టు తర్వాత వేరే సంగతి రాయాలంటే చెయ్యి రావట్లేదు, అయినా దీనికి సంబంధించినదే కాబట్టి రాస్తున్నాను. పోలీసుని చూసి నవ్వడం అనేది అమెరికా కామిక్స్‌లో ఒకచోట ఆగిపోయింది, అది ఎందుకో తెలుసా? 1954లో ఫ్రెడరిక్ వర్థామ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని పుస్తకం రాశాడు, సెనేట్ విచారణ జరిగింది, ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కామిక్స్ కోడ్ పెట్టుకున్నారు. అందులో ఒక నియమం: పోలీసులు, జడ్జీలు, అధికారుల మీద అగౌరవం కలిగేలా చూపించకూడదు. ఇంకోటి: ప్రతిసారీ మంచే గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి. ఇక తప్పులు చేసే డిటెక్టివ్ ఎలా వస్తాడు? దొంగ మీద జాలి ఎలా పుడుతుంది? ప్లాస్టిక్ మ్యాన్ వేసిన క్వాలిటీ కామిక్స్ 1956లో మూతపడింది. అమ్మకాలు పడిపోవడం లాంటి కారణాలు వేరే కూడా ఉన్నాయి, మొత్తం కోడ్ మీదకే నెట్టను. కానీ ఆ తర్వాత పదేళ్ళ అమెరికా డిటెక్టివ్ కామిక్స్ తిరగేస్తే ఆ తేడా చేతికి తగులుతుంది.

ఫాస్డిక్ మాత్రం బతికిపోయాడు, వాడు పేపర్ స్ట్రిప్, కోడ్ పుస్తకాలకి మాత్రమే.

---

కొత్తరీడర్ (బుధవారం)

నేను నిన్న రాత్రంతా మీరు చెప్పిన పేర్లు వెతుక్కుంటూ కూర్చున్నాను. ఒక సందేహం అండీ, చిన్నపిల్లలతో కలిసి చదవడానికి ఏది బాగుంటుంది? మా చెల్లికి తొమ్మిదేళ్ళు.

---

న్యూజెర్సీ_గోంగూర (బుధవారం)

మిక్కీ మౌస్! నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. 1939లో ఫ్లాయిడ్ గాట్‌ఫ్రెడ్‌సన్ పేపర్ స్ట్రిప్‌గా వేసిన ఫాంటమ్ బ్లాట్ కథ. ఊళ్ళో ఎవరో కెమెరాలు దొంగిలిస్తుంటారు. ఒకే రకం కెమెరాలు. దొంగిలించి అమ్ముకోడు, అక్కడే పగలగొట్టి పారేస్తాడు. ఎందుకు? ఆ 'ఎందుకు' అనే ప్రశ్న మీద మొత్తం కథ నడుస్తుంది, తొమ్మిదేళ్ళ పిల్ల కూడా బుర్ర పెట్టి ఆలోచించొచ్చు. పోలీసు చీఫ్ ఓహారా మిక్కీని సాయం అడుగుతాడు, డిటెక్టివ్ కేసీకి ఈ ఎలుక పిల్లాడు మధ్యలో దూరడం అస్సలు నచ్చదు. ఇక విలన్, తల నుంచి కాళ్ళదాకా నల్ల ముసుగు. మిక్కీని చంపడానికి ఎప్పుడూ తాళ్ళు, బరువులు, ట్రిగ్గర్లతో పెద్ద ఏర్పాటు చేసి గది బయటికి వెళ్ళిపోతాడు, ఎందుకంటే కళ్ళెదుట ప్రాణం పోవడం చూడలేడట! వాడి ఆ మెతకదనమే ప్రతిసారీ మిక్కీకి తప్పించుకునే సమయం ఇస్తుంది. నవ్వు తీసేస్తే కథే ఉండదు అని మొదట అడిగారే, ఇదిగో.

---

రంగుపెన్సిల్ (బుధవారం)

కొత్తరీడర్ గారూ, మీ చెల్లికి థామ్సన్, థాంప్సన్ మీసాలు చూపించండి. కవలల్లా ఉంటారు, ఇంటిపేర్లే వేరు. ఒకరి మీసం తిన్నగా కిందికి, ఇంకొకరిది చివర కాస్త బయటికి తిరిగి ఉంటుంది. ఎవరు ఎవరో కనిపెట్టడమే ఒక పరిశోధన, పిల్లలు గంటలు గంటలు ఆడతారు. హెర్జే నాన్నా, బాబాయీ నిజంగానే కవలలు. ఈ ఇద్దరు డిటెక్టివ్‌లు 1932లో మొదలైన 'సిగార్స్ ఆఫ్ ది ఫారో'లో మొదటిసారి వచ్చినప్పుడు వాళ్ళకి పేర్లు కూడా లేవు, ఎక్స్ 33, ఎక్స్ 33ఎ అని నంబర్లే.

---

చివరిపేజీ (జనవరి, కనుమ రోజు రాత్రి)

పాత చర్చని పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. చదివాం. ఇక దొంగ ఎవరో చెప్పేస్తున్నాను, చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

అక్క నిన్న వచ్చింది. భోజనాలయ్యాక పెరట్లో మంచం వేసుకుని ఇద్దరం కూర్చున్నాం, చిన్నప్పటిలాగే ఎడమ పేజీ తను, కుడి పేజీ నేను. టిన్‌టిన్ పేపర్లో కాస్టాఫియోర్ పాడిన ఒపెరా పేరు చూస్తాడు, రోసినీ రాసినది, దొంగ మ్యాగ్‌పై అని అర్థం. మ్యాగ్‌పై అంటే నలుపూ తెలుపూ కలిసిన పక్షి, కాకి జాతిది, మెరిసేది ఏది కనిపించినా ఎత్తుకుపోతుందని పేరు. చెట్టెక్కి చూస్తే గూట్లో పచ్చరాయి. కత్తెర కూడా అదే ఎత్తుకుపోయింది, గూట్లోంచి కింద పడితే ఆ పాప ఏరుకుంది. అంతే! దొంగే లేడు. మియార్కా ఏ తప్పూ చేయలేదు. ఎవరూ చేయలేదు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రంగుపెన్సిల్ గారు చెప్పారని మొదటి పేజీ తిప్పాం. మొదటి బొమ్మలోనే ఉంది. అడవి, వసంతం, చెట్టు కొమ్మ మీద మ్యాగ్‌పై. మాకు పుస్తకం తెరిచిన మొదటి క్షణం నుంచీ చూపిస్తూనే ఉన్నాడు, మేము మెట్టు మీద జారిపడేవాళ్ళని చూసి నవ్వుకుంటూ ఉండిపోయాం.

పాత కాపీ అమ్మ అటక మీద దాచింది. దించి దుమ్ము దులిపాం. ఉన్న చివరి పేజీ కింద, కత్తెర బొమ్మ పక్కన, అక్క పెన్సిల్‌తో రాసిన మాట ఇంకా ఉంది: "దొంగ దొరికింది". అక్క లోపలికెళ్ళి పిల్లల పెట్టెలోంచి రబ్బరు తెచ్చి తుడిచింది. పెన్సిల్ పోయింది, కాగితం మీద నొక్కు మాత్రం వేలితో తడిమితే తెలుస్తోంది.

సముద్రపు_గాలి గారి పోస్టు అక్కకి చదివి వినిపించాను. ఆ బడి స్నేహితుడు ఇప్పుడు ఎక్కడున్నాడో, మీరు మాట్లాడుతుంటారా అని అడగమంది.

పూర్తిగా ఉన్న కాపీ అక్క తనతో తీసుకెళ్తోంది, వాళ్ళ పిల్లలు ఇంకా చదవలేదు. మొదటి బొమ్మ దగ్గర ఏమీ చెప్పొద్దని మాట తీసుకున్నాను.